అమ్మ కదలకుండా కూర్చోనంది

పోయిన వారం మా వీధి చివరి బడిలో గుర్తింపు కార్డులకు ఫోటోలు తీస్తున్నారంటే, నేనూ మనవరాలి చెయ్యి పట్టుకుని వెళ్ళాను. కంప్యూటరు ముందు కూర్చున్న అమ్మాయి నన్నొక స్టూలు మీద కూర్చోబెట్టి, తాతా, కదలకండి, నవ్వకండి, నేరుగా చూడండి అని అరవంలో చెప్పింది. చెప్పినంతసేపూ బుద్ధిగానే కూర్చున్నాను గానీ, ఆ అమ్మాయి బొత్తాం నొక్కే సమయానికి నా చెయ్యి దానంతటదే లేచి మీసం సర్దింది. మళ్ళీ తీసింది. ఈసారి నేను పక్కకు తిరిగి, వెలుతురు ఆ కిటికీలోంచి వస్తోంది కదా, స్టూలు కాస్త ఇటు జరిపితే ముఖం బాగా పడుతుందేమో అని సలహా ఇచ్చాను. వరుసలో నిలబడ్డవాళ్ళు నవ్వారు, మనవరాలు తల కొట్టుకుంది, ఆ అమ్మాయి మాత్రం విసుక్కోకుండా, బతికున్న మనిషన్నాక ఒక్క నిమిషం ఊరికే కూర్చోలేరా తాతా అని అడిగింది. ఆ మాట విని నాకు నవ్వు ఆగలేదు. ఇదే మాటను తిరగేసి మా అమ్మ రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో నన్ను నిలదీసింది, ఊళ్ళ వెంట తిరిగి పనిచేసుకునే మనుషుల ఫోటోలు తీస్తూ నేను గడిపిన బతుకంతా ఆ నిలదీయడంతోనే మొదలైంది.

మన వయసువాళ్ళకు చెప్పనక్కర్లేదు, ఇప్పటి పిల్లలకు చెబితే నమ్మరు గానీ, ఆ రోజుల్లో అరవదేశంలోని మా ధర్మపురి చుట్టుపక్కల పల్లెల్లో మనిషికి ఒకే ఒక్క ఫోటో తీసేవాళ్ళు, అదీ ప్రాణం పోయిన తరువాత. స్నానం చేయించి, కొత్త బట్ట కట్టి, దవడ జారకుండా తలచుట్టూ గుడ్డ బిగించి, కుర్చీలో కూర్చోబెట్టి, వాలిపోకుండా నడుమును కుర్చీకి తువ్వాలుతో కట్టేసి, మెడలో దండ వేసి, అప్పుడు టౌనుకు కబురు పంపేవాళ్ళు. మా ఊరు సోగత్తూరులో మా ఇంటి గోడకున్న ఒకే ఒక పటం మా నాయనది, అలా తీసిందే. నాకు నాయన ముఖం బాగా గుర్తు, ఆయన కుడి కన్ను చికిలించి ఎద్దుల ధర అడిగే తీరు ఇంకా బాగా గుర్తు, కానీ ఆ పటంలో ఉన్నాయన ఎవరో నాకిప్పటికీ తెలియదు. అమ్మ రోజూ దానికి బొట్టు పెట్టేది గానీ ఎప్పుడూ తేరిపార చూసేది కాదు.

అదేం విచిత్రమో, ఆ పటం తీసిన స్టూడియోలోనే నాకు పని దొరికింది. ధర్మపురిలో అప్పటికి ఉన్న స్టూడియో అదొక్కటే. మా మొదలాళి, అక్కడ యజమానిని అలాగే అంటాం, అరవాయన. కోపిష్ఠి, పొడిదగ్గు మనిషి, పనిలో మాత్రం రాక్షసుడు. ఆయన స్టూడియోలో కూర్చుని ఉద్యోగస్థులకూ, కొత్త దంపతులకూ తీసేవాడు, పల్లెల్లో పీనుగుల పటాలన్నీ నా వంతు. ఇరవై ఏళ్ళవాణ్ణి, సైకిలు వెనక పెద్ద కొయ్య కెమెరా, భుజాన మూడుకాళ్ళ స్టాండు, సంచిలో నల్లగుడ్డ, గాజు పలకలు. ఏ ఊళ్ళో దిగినా నన్ను చూసి మొదట అడిగే మాట ఎవరింట్లో అనే. నన్ను పేరు పెట్టి పిలిచినవాళ్ళు తక్కువ, పిల్లలైతే నా సైకిలు గంట వింటేనే లోపలికి పరుగు. ఎండలో మూత తీసి, మనసులో అంకెలు లెక్కపెట్టుకుని, మళ్ళీ మూత పెట్టేవాణ్ణి. నా ముందు కూర్చున్నవాళ్ళెవరూ కదిలేవాళ్ళు కాదు కాబట్టి ఆ పనిలో నాకు మంచి పేరే వచ్చింది.

అప్పుడు మా అన్న బర్మా సరిహద్దులో పటాలంలో ఉన్నాడు. కోతలయి రాగి వెన్నులు కళ్ళానికి చేరిన రోజుల్లో, అన్నతో కలిసి పనిచేసే నల్లంపల్లి సిపాయి ఒకాయన సెలవు మీద వచ్చి, అన్న క్షేమం చెప్పడానికి మా ఇంటికి వచ్చాడు. ఆయనదీ మాలాగే ఇంట్లో తెలుగు, గడప దాటితే అరవం. అమ్మ ఇచ్చిన రాగి అంబలి తాగి, అవీ ఇవీ చెప్పి, వెళ్ళేటప్పుడు నన్ను సైకిలు దగ్గరికి పిలిచి అసలు మాట చెప్పాడు. డేరాలో అందరి దగ్గరా ఎవరిదో ఒక పటం ఉందట, పెళ్ళాందో, బిడ్డదో, అమ్మదో. మా అన్న ఒక్కడి దగ్గరే ఏమీ లేదట.

"అమ్మ గొంతు బాగా జ్ఞాపకం ఉంది గానీ మొగం మరిచిపోతా ఉండానని ఏడ్చినాడప్పా. నేను శుక్రవారం సాయంత్రం బస్సుకు సేలం పోతా ఉండా. పటం ఇస్తే నా చేత్తో ఇస్తాను," అన్నాడు.

ఇంకేముంది! నాకు కాళ్ళు నేల మీద ఆగలేదు. ఊరందరి పీనుగులకూ పటాలు తీసేవాణ్ణి, కన్నతల్లికి తీయలేనా అనుకున్నాను. ఆయన వెళ్ళిపోయేక అన్న కన్నీళ్ళ సంగతి దాచి, పటం కావాలన్న సంగతి మాత్రం అమ్మకు చెబుదామనుకున్నాను గానీ, ముందు కెమెరా తెచ్చి ముందు పెడితే కాదనదులే అని తోచింది. మర్నాడు పొద్దున్నే మొదలాళిని అడిగి, సైకిలు మీద పెద్ద కెమెరా, స్టాండు కట్టుకుని, గంట మోగిస్తూ మా వీధిలోకి వచ్చాను. ఆ సంబరంలో, నా సైకిలు ఏ ఇంటి ముందు ఆగితే ఆ ఇంట్లో ఏం జరిగినట్టో నాకు గుర్తే లేదు.

మా ఇంటి ఎదురిల్లు పెద్దమ్మది, అమ్మకు స్వయానా అక్క. ఆవిడ వాకిట్లో పేడనీళ్ళు చల్లుతూ తలెత్తి చూసింది. స్టాండు దించుతున్న నన్ను చూసింది, మూసి ఉన్న మా తలుపు చూసింది. చెంబు విసిరేసి, "అయ్యో చెల్లే! నిన్న సాయంత్రం కూడా మాట్లాడితివే! నాకు చెప్పకుండానే పోయినావే!" అని గుండెలు బాదుకుంటూ వీధిలో కూలబడింది. నేను కాదు కాదు అంటూనే ఉన్నాను, ఎవరు వింటారు? ఆ ఇంటావిడ, ఈ ఇంటావిడ, ముంగొంగులు నోటికి అడ్డం పెట్టుకుని పరుగెత్తుకొచ్చారు, ఎవరో నన్ను పట్టుకుని తల్లి లేని బిడ్డవైపోతివే అని నా తల నిమిరారు. అంత గోలలో పెరటివైపు నుంచి అమ్మ, మోచేతుల దాకా పేడతో, ఎవరే పోయినారు అని అడుగుతూ వచ్చింది. పెద్దమ్మ ఏడుపు ఆపకుండానే నువ్వేనే అని చెప్పి, అప్పుడు నోరు మూసుకుంది.

నా తల ప్రాణం తోకకొచ్చింది. వీధి వీధంతా పగలబడి నవ్వుతూంటే అమ్మ మాత్రం నవ్వలేదు.

"ఏమిరా, నన్ను కూడా మీ నాయన పక్కన గోడకు తగిలించాలని వచ్చినావా?"

నేను అన్న సంగతి మొత్తం చెప్పేశాను, దాచాలనుకున్న కన్నీళ్ళతో సహా. అమ్మ పేడ చేతులు అలాగే పట్టుకుని నిలబడిపోయింది. కళ్ళు నిండాయి. నా బిడ్డకు నా మొగం గుర్తు లేదా అని ఒకటికి రెండుసార్లు అంది. అయితే రామ్మా, ఒక్క నిమిషం ఈ కుర్చీలో కదలకుండా కూర్చో అన్నాను. అంతే, మళ్ళీ మండిపడింది.

"బతికుండే మనిషి కదలకుండా ఎందుకు కూచుంటుందిరా? కుర్చీలో బిగుసుకుని కూచునేది మీ నాయన చేసినాడు, చాలు. ఆ పటం చూసి వాడు అమ్మ పోయిందని అనుకుంటే? వాడు అక్కడే గుండె పగిలి చస్తాడు. నేను కూచోను. కావాలంటే నేను పని చేస్తా ఉంటే తీసుకో. నీకు చేతనయితే తీసుకో!"

ఆవిడ అన్నది నూటికి నూరుపాళ్ళు నిజమని నాకప్పుడే తెలిసింది. ఎందుకంటే మా పల్లెవాళ్ళెవరికైనా కూర్చున్న పటం చూపిస్తే, ఎప్పుడు పోయినారు అనే అడుగుతారు. అన్న కూడా అదే అడుగుతాడు. అయితే పనిచేసే మనిషిని మూత తీసి లెక్కపెట్టే ఆ కొయ్య పెట్టెతో తీస్తే పలక మీద పొగ తప్ప ఏమీ పడదు. అది నాకు తెలిసినంత బాగా ఇంకెవరికీ తెలియదు.

స్టూడియో బీరువాలో ఒక మడత కెమెరా ఉండేది. తోలు తిత్తి లాగితే ముక్కు ముందుకు వచ్చేది, మీట నొక్కితే టిక్కుమని తెరుచుకుని మూసుకునేది. యుద్ధం వల్ల దానికి ఫిల్ము చుట్ట దొరకడమే గగనం. అయితే ఆ వారమే ఎవరో పెద్ద దొర పర్యటనకు మొదలాళి దాన్ని వాడాడని, చుట్టలో రెండు పటాలకు సరిపడా చివరి రెండు గళ్ళు మిగిలాయని నాకు తెలుసు. వెళ్ళి ఉన్నదున్నట్టు చెప్పాను. ఆయన దగ్గి, కళ్ళద్దాలు తుడుచుకుని, కదిలేదాన్ని తీస్తే అది పటం కాదురా, మరక అన్నాడు. చెయ్యి కదిలితే చెయ్యి ఉండదు, తల కదిలితే తల ఉండదు, అటువంటిది చూసి మీ అన్న ఏం చేసుకుంటాడు అని అడిగాడు. నేను కదల్లేదు. చివరికి, ఆ రెండూ ఎలాగూ మందునీళ్ళలో ఖాళీగా కడగాల్సినవే, తీసుకుపో, మరకలు తెస్తే మాత్రం మళ్ళీ ఈ గడప తొక్కకు, పోయి ఎద్దులు కడుక్కో అని కెమెరా నా చేతిలో పెట్టాడు. అప్పటికి శుక్రవారం పొద్దెక్కుతోంది.

కళ్ళానికి ఎలా చేరానో నాకు తెలియదు. మా కళ్ళం ఊరి చివర మెరక మీద, చుట్టూ రాగి గడ్డి వాములు. ఎద్దులతో తొక్కించిన రాగులు మధ్యలో కుప్పగా ఉన్నాయి. అమ్మ చేట నిండా తీసుకుని తల మీదికి ఎత్తి సిద్ధంగా నిలబడింది, పెద్దమ్మ కింద చీపురుతో. నేను నేల మీద మోకాళ్ళేసి కెమెరా తెరిచాను. అంతా బాగానే ఉంది, గాలే లేదు! ఆకు కదలదు. గాలి లేకపోతే తూర్పార పట్టడం ఏమిటి, చేటలో రాగులు పొట్టుతో సహా మళ్ళీ కాళ్ళ దగ్గరే పడతాయి. ఊరికే ఎత్తి పొయ్యమ్మా, పటానికే కదా అన్నాను. అమ్మ నన్ను పిచ్చివాణ్ణి చూసినట్టు చూసింది. గాలి లేకుండా పోస్తే వాడికి తెలియదా, వాడు పుట్టింది కళ్ళం పక్కన కాదా అంది.

సూర్యుడు నా వీపు వెనక నుంచి పైకి ఎక్కిపోతున్నాడు. ఇది కడగాలి, ఆరాలి, అచ్చు తీయాలి, నల్లంపల్లి చేరాలి. అమ్మ చేట కిందికి దించి, ముఖం పైకెత్తి, మా కళ్ళాల్లో గాలిని పిలిచే తీరులో, "పొలీ! పొలో పొలీ!" అని గొంతెత్తింది. పెద్దమ్మ అందుకుంది. పక్క కళ్ళంలోవాళ్ళూ అందుకున్నారు. ఆ కేకలు మీరు విని ఉంటే మీకు ఇప్పుడు ఒళ్ళు పులకరిస్తూ ఉంటుంది, విననివాళ్ళకు నేను చెప్పలేను. కేకలు ఆగకముందే గడ్డివాము మీద పరకలు లేచాయి.

అమ్మ చేట ఎత్తింది. నేను మీట మీద వేలు పెట్టాను. సరిగ్గా నొక్కే క్షణాన గాలి అటు నుంచి ఇటు తిరిగింది, గాలికి వీపు చూపించి నిలబడాలి కాబట్టి అమ్మ కూడా ఠక్కున తిరిగింది, టిక్కుమంది. అమ్మ వీపు! ఒక గడి పోయింది. నేను అమ్మా అని అరిచిన అరుపుకు పెద్దమ్మ చీపురు కింద పడేసింది. ఇంకొక్కటే మిగిలింది. గబగబా చుట్ట తిప్పాను. అంతలో గాలి మళ్ళీ పాత దిక్కుకే తిరిగింది. అమ్మ కూడా నావైపు తిరిగి, పొలీ అని కేక పెడుతూ, నా అవస్థ చూసి మధ్యలో నవ్వు ఆపుకోలేక, చేట కుదిపింది. పొట్టంతా వచ్చి నా ముఖాన పడింది. కళ్ళు మూసుకుపోయాయి, ఏమీ కనపడలేదు, అమ్మ నవ్వు ఎటు వినపడుతోందో అటు కెమెరా తిప్పి మీట నొక్కేశాను.

చీకటి గదిలో ఎర్ర దీపం కింద ఆ ఫిల్మును మందునీళ్ళలో అటూ ఇటూ లాగాను. మొదలాళి తలుపు దగ్గర దగ్గుతూ నిలబడ్డాడు. మొదటిది అమ్మ వీపు, అనుకున్నట్టే. రెండోది మెల్లగా తేలింది. చేతులు లేవు. చేట లేదు, అవి కదిలిన చోట తల మీద చార ఒకటి. రాగులు దారాలు దారాలుగా దిగుతున్నాయి. వాటి వెనక, వెంట్రుక వెంట్రుకా లెక్కపెట్టగలిగినంత స్పష్టంగా, అమ్మ ముఖం! నోరు తెరిచి, కేకకూ నవ్వుకూ మధ్య, కళ్ళు సూటిగా నన్నే చూస్తూ. నేను ఏడ్చేశాను, ఇందులో దాచడానికేముంది. మొదలాళి వంగి చాలాసేపు చూశాడు. చేతులు పోయాయి అన్నాడు. కాసేపటికి, మనిషి ఉంది అన్నాడు. అని, నన్ను పక్కకు తోసి, దాచుకున్న మంచి కాగితం తీసి తనే అచ్చు వేశాడు.

తడి ఆరని పటాన్ని రెండు అట్టల మధ్య పెట్టి, చొక్కా లోపల దాచుకుని, నల్లంపల్లి దారిన సైకిలు తొక్కాను. నేను వెళ్ళేసరికి సేలం బస్సు కదలాల్సిన వేళ దాటిపోయింది. కానీ అప్పటి బస్సులు మీకు గుర్తున్నాయి కదా, పెట్రోలు కరువై వెనకాల బొగ్గు కుంపటి తగిలించుకుని తిరిగేవి! క్లీనరు చెమటలు కక్కుతూ కుంపటి విసురుతున్నాడు, అది రాజుకోదు, బస్సు కదలదు, లోపలివాళ్ళు తిడుతున్నారు. ఆ రాజుకోని బొగ్గులకు నేను మనసారా దణ్ణం పెట్టుకున్నాను. కిటికీలోంచి అట్టలు అందిస్తే, సిపాయి విప్పి చూసి, నా చెయ్యి పట్టుకుని నొక్కాడు. అప్పుడు బస్సు కదిలింది.

తరువాత ఇంకో అచ్చు వేసి అమ్మకు చూపిస్తే, ఎవర్రా ఈమె, ఇంత పెద్ద నోరు అని అడిగింది. తన ముఖాన్ని ఎప్పుడూ అరచేతంత అద్దంలో ముక్కలుగా చూసుకున్న మనిషి మరి. చేతులు పడలేదమ్మా అని నొచ్చుకుంటూ చెప్పాను. అమ్మ వేలితో ఆ తెల్లని చార తడిమి, "ఎట్ల పడతాయి? అవి ఇంకా పని చేస్తా ఉండాయి గదా," అంది.

ఆ మాట నాకు బతుకంతా సరిపోయింది. ఆ పటం డేరాలో చేతులు మారి, మరెందరికో అటువంటిదే కావాలనిపించింది. అబ్బో, కబురు మీద కబురు! పిక్కిలి నుంచి ఒకావిడ ఎనుము పాలు పితుకుతూ తీయమంది, కొడుకు ఆ ఎనుమునూ అడిగాడట. ఇంకొకాయన అరక దున్నుతూ, ఒక ముసలమ్మ మనవడికి పేలు చూస్తూ. నా సైకిలు గంటకు లోపలికి పరుగెత్తిన పిల్లలు బయటికి పరుగెత్తుకు రావడం మొదలుపెట్టారు. ఆ తరువాత మదరాసు పత్రికలు వచ్చాయి, దేశమంతా తిరగడం వచ్చింది, వంతెనలు కట్టేవాళ్ళు, గనుల్లో దిగేవాళ్ళు, వలలు లాగేవాళ్ళు, ఎంతమందినో తీశాను. ఈ పద్ధతి ఏ బడిలో నేర్చుకున్నారని పెద్దపెద్దవాళ్ళు సభల్లో అడిగేవాళ్ళు. మా కళ్ళంలో అంటే పరిహాసమనుకునేవాళ్ళు. ఇంట్లో మాట్లాడటమే తప్ప రాయడం రాని తెలుగును నేను నడివయసులో అక్షరాలు దిద్ది నేర్చుకున్నది, ఏనాటికైనా ఈ ముచ్చట అమ్మ మాటల్లోనే రాయాలనే.

అన్న తిరిగి వచ్చాడు. జేబులో పటం చెమటకు మరకలు పడి, మూలలు అరిగిపోయి ఉంది, ముఖం మాత్రం ఉంది. చాలా ఏళ్ళ తరువాత అమ్మ పోయినప్పుడు, చుట్టాలు అలవాటు కొద్దీ కుర్చీ తెచ్చి వాకిట్లో వేశారు. అన్న ఆ కుర్చీ ఎత్తి గొడ్ల కొట్టంలో పడేసి వచ్చాడు. నాయన పక్కన మేం తగిలించింది ఆ నవ్వే పటాన్నే.

ఇప్పుడు ప్రతివాళ్ళ చేతిలోనూ కెమెరా. తినే పళ్ళేన్ని తీస్తారు, తాగే కాఫీని తీస్తారు, సంతోషమే నాకు, నేనేమీ సణిగేవాణ్ణి కాను. కానీ ఫోటో అనగానే అందరూ చేస్తున్న పని ఆపేస్తారు, అక్కడే నాకు మనసు చివుక్కుమంటుంది. నా కార్డు కూడా నిన్న వచ్చింది. చివరికి ఆ అమ్మాయి మాట విని కదలకుండా కూర్చున్నాను కదా, అచ్చం కుర్చీలో నాయనలా ఉన్నాను. అది చూసి, పని చేస్తున్న నా ఫోటో ఒక్కటైనా ఉంటుందేమోనని పాత పెట్టెలన్నీ వెతికాను. లేదు. ఎంతమందినో తీశాను గానీ నన్నెవరు తీస్తారు, కెమెరా నా చేతిలోనే ఉండేది.

ఆ వెతుకులాటలో, మరక కింద లెక్కేసి పక్కన పడేసిన ఆ మొదటి గడి ఫిల్ము దొరికింది, అమ్మ వీపు. మనవరాలు దాన్ని వెలుతురుకు పెట్టి ఫోనుతో తీసి, నలుపు తెలుపులు తిరగేసి, పెద్దది చేసి చూస్తూ, తాతా, రాగుల కుప్ప మీద ఈ నీడ ఎవరిది అని అడిగింది. వంగి చూశాను. ఎండ నా వెనకనుంది కదా. అమ్మ కాళ్ళ పక్కన, మోకాళ్ళ మీద వంగి, మోచేతులు చాచి, ముఖం ముందు పెట్టె పట్టుకున్న కుర్రాడి నీడ. ఇన్నేళ్ళు నేను అందులో అమ్మ ముఖం లేదనే చూశాను గానీ, ఏముందో చూడనే లేదు. నా రోజు వచ్చినప్పుడు కార్డు మీద బొమ్మ పెద్దది చేయించకండి, అమ్మా నేనూ పనిలో ఉన్న ఈ పటం తగిలించండి అని మనవరాలితో చెప్పాను.